నిచ్చెన మీద ఆర్డిత్

అరవై ఆరేళ్ళు వచ్చేదాకా ఆర్డిత్ క్రౌస్‌కి హైవే మీద కారు నడపాల్సిన అవసరం రాలేదు. హైవే సంగతి చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉన్నాడు. ఆమె భర్త వెండెల్ పెళ్ళికి ముందునుంచీ లారీ డ్రైవరు. పద్దెనిమిది చక్రాల బండి వేసుకుని ఒహాయో నుంచి సియాటిల్‌కి, సియాటిల్ నుంచి మళ్ళీ ఒహాయోకి తిరిగేవాడు. ఇంటికొచ్చిన రోజు నిద్రపోయేవాడు, మర్నాడు పెరట్లో గడ్డి కోసేవాడు, ఆ మర్నాడు వెళ్ళిపోయేవాడు. ఆర్డిత్ కారు మాత్రం స్కూలుకీ చర్చికీ కిరాణాకొట్టుకీ తప్ప ఇంకో దారి ఎరగదు.

స్కూలంటే పాఠాలు చెప్పడానికి కాదు. అక్కడి వంటింట్లో పని. జుట్టుకి వల కట్టుకుని, ఊళ్ళో రెండు తరాల పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించింది. ఆమె చేసే పీనట్ బటర్ బిళ్ళల కోసం, ఇప్పుడు సొంత పిల్లలున్నవాళ్ళు కూడా, బజారులో ఆపి అడుగుతుంటారు. ఆ వంటింట్లో పాల పెట్టె పైన గోడకి ఆమె పాత క్యాలెండర్ల నుంచి చింపిన బొమ్మలు అతికించి ఉండేవి. ఎర్రరాతి కమాను ఒకటి, పొగలు కక్కే వేడినీటి బుగ్గ ఒకటి, కేకు కోసి నిలబెట్టినట్టు చారలు చారలుగా ఉన్న మట్టికొండలు ఒకటి.

"మిసెస్ క్రౌస్, ఇవన్నీ మీరు చూశారా?" అని పిల్లలు పళ్ళెం పట్టుకుని అడిగేవాళ్ళు.

"ఇంకా లేదు" అనేది. ఆ 'ఇంకా' అన్న మాట ఎప్పుడూ వదిలేది కాదు.

ఆమెకి సెలవులు వేసవిలో. లారీకి లోడ్లు ఎక్కువయ్యేదీ వేసవిలోనే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వెండెల్ ఆమెని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని టమాటా డబ్బాల లోడుతో బఫలో దాకా తీసుకెళ్ళాడు. నయాగరా చూపిస్తానన్నాడు. తీరా వెళ్తే అంత పెద్ద బండి నిలపడానికి ఎక్కడా చోటు దొరకలేదు. ఇళ్ళ సందుల్లోంచి తెల్లటి తుంపర లేవడం చూసి వెనక్కి తిరిగారు. ఆ తర్వాత ముగ్గురు పిల్లలు, వాళ్ళ జ్వరాలు, బేస్‌బాల్ ఆటలు, వంకరపళ్ళకి కమ్మీలు. ఆర్డిత్ ఎవరినీ ఏమీ అనలేదు. అనడానికి ఎదుట మనిషుంటే కదా.

వెండెల్ రిటైరయిన రెండో ఏడు అతని రెండు కళ్ళ చూపుకీ నడిమధ్యలో మచ్చ మొదలైంది. ఏ వస్తువుని సూటిగా చూస్తే ఆ వస్తువే మాయమైపోతుంది. ఎదుటి మనిషిని చూడబోతే ముఖం ఉండదు, చెవులూ టోపీ భుజాలూ ఉంటాయి. తల కాస్త పక్కకి తిప్పి కంటి కొసతో చూస్తే ఎంతో కొంత ఆనుతుంది. "మా ఆయనకి ఈ వయసులో పక్కచూపులు మొదలయ్యాయి" అని ఆర్డిత్ చర్చిలో చెప్పి అందరినీ నవ్వించేది. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. లైసెన్సు పోయిన రోజున అతను గరాజులోకి వెళ్ళి, నిలబెట్టి ఉన్న కారులో డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. భోజనానికి పిలిచినా రాలేదు.

ఆమెకి హైవే నడపడం నేర్పింది అతనే. అంతకన్నా దయలేని గురువు ఒహాయో మొత్తంలో ఉండడు.

"అద్దం చూడు. చూశావా? ఏ అద్దం? ఆర్డీ, నీ లిప్‌స్టిక్ కాదు, వెనకాల బండి చూడు."

"నీకెలా తెలుసు నేనేం చూస్తున్నానో? నీకే కళ్ళు కనబడవు."

"పెదాలు చప్పరించావు. వినబడింది."

అలా తిట్లు తింటూ, తిరిగి వడ్డిస్తూ నేర్చుకుంది. నేర్చుకున్నాక, ఒకరోజు గిన్నెలు తుడుస్తూ, పసిఫిక్ సముద్రం దాకా వెళ్దాం, దారిలో చూడాల్సినవన్నీ చూసుకుంటూ పోదాం అంది. కూతురు రెనీ ఫోన్లో గోలపెట్టింది. చర్చిలో ఆడవాళ్ళు మాత్రం కళ్ళు తుడుచుకున్నారు. ఆయన చూపు పూర్తిగా పోకముందే దేశమంతా చూపించాలనుకున్నావు, భార్యంటే నువ్వమ్మా అన్నారు. పాస్టరు ఆదివారం ప్రసంగంలో అదే మాట అందరి ముందూ అన్నాడు. ఆర్డిత్ తల దించుకుని చేతి రుమాలు మడతపెట్టింది. ఔననలేదు, కాదనలేదు.

జూన్ నెలలో ఆకుపచ్చ బ్యూక్ కారులో బయల్దేరారు. సౌత్ డకోటా చేరిన మర్నాడు పొద్దున మోటెల్లో ఫలహారం దగ్గరే ఆ రోజు చెడింది. వెండెల్ సొంతంగా వాఫిల్ అట్టు వేసుకుంటానన్నాడు. పెనాన్ని సూటిగా చూశాడు గనక పెనం కనబడలేదు. పిండి సగం పెనం మీదా సగం బల్ల మీదా పడింది. మోటెల్లో పనిచేసే పిల్ల పరుగున వచ్చి, "నేను వేసిస్తాను సర్, మీరు వెళ్ళి కూర్చోండి" అంది. మర్యాదగానే అంది. కానీ ఆ 'కూర్చోండి' అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. వాఫిల్ ముట్టుకోకుండా కాఫీ మాత్రం తాగి లేచాడు.

కారులో కూర్చున్నాక మొదలెట్టాడు.

"ఎంతలో పోతున్నావు?"

"అరవై అయిదు."

"ఇక్కడ గంటకి ఎనభై మైళ్ళ దాకా పోవచ్చు."

"పోవచ్చు. పోకపోయినా ఎవరూ ఏడవరు."

"వెనక లారీవాడు ఏడుస్తున్నాడు. నాకు వినిపిస్తోంది."

"వాణ్ణి దాటిపొమ్మను. నువ్వు వాడి వైపా, నా వైపా?"

బ్యాడ్‌లాండ్స్ పార్కు అని రాసిన గోధుమరంగు బోర్డు రాగానే ఆమె హైవే దిగింది. గడ్డిమైదానం ఎంతో దూరం చదునుగా పోయి, హఠాత్తుగా కాళ్ళ ముందు తెగిపోయింది. కింద లోయంతా మట్టిశిఖరాలు, ఒకదాని వెనక ఒకటి, గులాబీ చార, పసుపు చార, బూడిద చార. అంచున కట్టిన కమ్మీ దగ్గర జనం ఫోటోలు తీసుకుంటున్నారు. ఆర్డిత్ కమ్మీ మీదికి వంగి చూసింది. అంతలో గుర్తొచ్చి పక్కకి తిరిగి భర్త ముఖంలోకి చూసింది.

"ఎలా ఉంది?"

"గాలి బాగుంది" అన్నాడు వెండెల్.

పక్కనున్న పెద్దమనిషి ఒకాయన ఉత్సాహంగా వెండెల్ భుజం తట్టి, "అటు చూడండి సర్, నా వేలు చివరే చూడండి, ఆ శిఖరం అచ్చం కోటలా లేదూ" అన్నాడు. వెండెల్ ఆయన చూపించిన వైపుకి మర్యాదగా ముఖం పెట్టి "అద్భుతం" అన్నాడు. అని, కమ్మీ పట్టుకుని నడుస్తూ కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆగినచోట వెండెల్ సీటుబెల్టు కూడా విప్పలేదు.

"నువ్వెళ్ళు. నేను రేడియో వింటా."

"రేడియో వినడానికి ఒహాయో నుంచి ఇంత దూరం రావాలా?"

"నేను తీసుకురమ్మన్నానా?"

ఆర్డిత్ టోపీ పెట్టుకుంది. నీళ్ళసీసా తీసుకుంది. తలుపు కాస్త గట్టిగానే వేసింది. "ఆకలేస్తే వెనక సీట్లో క్రాకర్లున్నాయి. పిండి పొయ్యక్కర్లేదు" అంది కిటికీలోంచి. అన్న మరుక్షణమే నాలిక కరుచుకుంది, కానీ అన్నమాట వెనక్కి రాదు. వెండెల్ రేడియో గొంతు పెంచాడు.

ఆ కాలిబాట మొదట చదునుగా, మట్టిగోడల మధ్యనుంచి, ఎండిన వాగులా పోతుంది. ఎండ నెత్తి మీదికి వస్తోంది. ఆర్డిత్ చరచరా నడిచింది. మనసులో భర్తతో పోట్లాట సాగుతూనే ఉంది. తను అన్నవి, అతను అన్నవి, అతను అనబోయేవి, వాటికి తన జవాబులు. అలా నడుస్తూ ఉండగా దారి ఒక ఏటవాలు గోడ దగ్గర ఆగిపోయింది. గోడ మీదకి నిచ్చెన ఉంది. దుంగల్ని ఇనుప తాళ్ళకి కట్టి కొండ మీద పరిచిన పెద్ద నిచ్చెన. పిల్లలు కోతుల్లా ఎక్కిపోతున్నారు. అరవై దాటిన ఆడమనిషి ఇంకెవరూ ఎక్కుతున్నట్టు లేదు. ఇంకొక రోజైతే ఆర్డిత్ కింద నిలబడి చూసి తిరిగొచ్చేసేది. స్టూలెక్కాలన్నా ఆమెకి భయం. కానీ ఇవాళ కోపంలో ఉంది. కోపం మనిషిని సగం నిచ్చెన దాకా మోసుకుపోతుంది.

సగంలో కోపం అయిపోయింది. ఎంత ఎక్కానో చూద్దామని వెనక్కి తిరిగింది. అదే తప్పయింది. కింద దారి దారంలా ఉంది, మనుషులు టోపీల్లా ఉన్నారు.  ఆమె దుంగలకి బోర్లా అతుక్కుపోయి, రెండు చేతులా ఇనుప తాడు పట్టుకుని, చెంప దుంగకి ఆనించి ఉండిపోయింది. దుంగ ఎండకి వేడెక్కి ఉంది. జనం పక్కనుంచి ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. "కాస్త జరుగుతారా అమ్మా" అని ఎవరో అన్నారు. జరగడమనేది అప్పటికి జరిగే పని కాదు.

"మేడం, బాగానే ఉన్నారా?" కిందనుంచి ఒక గొంతు వచ్చింది.

"బాగానే ఉన్నాను."

"పైకి వెళ్తున్నారా, కిందికి వస్తున్నారా?"

"ఎటూ లేదు."

"అర్థమైంది." ఆ గొంతు ఇంకాస్త దగ్గరకొచ్చి, గుసగుసలోకి దిగింది. "మా ఆవిడ పైకెళ్ళిపోయింది. ఆవిడతో అనకండి గానీ, నాకూ ఎత్తంటే పడదు. మీరు ఆగారు గనక, పెద్దావిడని దాటిపోవడం బాగోదని నేనూ ఆగానన్నమాట."

ఆర్డిత్ కన్ను కొద్దిగా తెరిచి చూసింది. గుండెల దాకా గడ్డం, తోలు చొక్కా, మోచేతి మీద పుర్రె బొమ్మ. మోటార్‌సైకిళ్ళ మీద గుంపులుగా తిరిగే రకం. ఇంకొక చోటైతే ఆమె చేతిసంచీ గట్టిగా పట్టుకునేది.

"గ్రేడీ" అని పైనుంచి ఒక ఆడగొంతు కేకేసింది. "ఆ ముసలావిణ్ణి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డావా?"

"ఆవిడకి సాయం చేస్తున్నానే" అన్నాడు గ్రేడీ పైకి. తర్వాత ఆర్డిత్‌తో, "మీతో ఎవరైనా వచ్చారా మేడం?"

"మా ఆయన. కారులో ఉన్నాడు. ఆకుపచ్చ బ్యూక్. కానీ ఆయనకి కళ్ళు సరిగా కనబడవు."

"కనబడని మనిషిని తెచ్చి ఏం చెయ్యను?"

"తీసుకురండి" అంది ఆర్డిత్. ఎందుకన్నదో, ఆ తర్వాత ఏడుస్తూ ఇంకేమేం అన్నదో ఆమెకే తెలీదు.

నిచ్చెన దిగడానికి ఒక మంచి కారణం దొరికిందన్న సంతోషంతో గ్రేడీ చకచకా దిగిపోయాడు. ట్వైలా, అంటే అతని భార్య, పైనుంచి దిగివచ్చి ఆర్డిత్ పక్కన దుంగ మీద కూర్చుంది. సన్నగా, ఎండుకట్టెలా ఉంటుంది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం పనిచేసేవారు అని, కొట్టుగుమ్మంలో నిలబడి అడిగినట్టు అడుగుతూ కూర్చుంది. ఆర్డిత్ దుంగకి చెంప ఆనించే జవాబులు చెప్పింది. స్కూల్లో వంటమనిషినంటే, "అయితే మా అమ్మ చేసిన పనే" అంది ట్వైలా. ఆ మాటకి ఆర్డిత్‌కి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది.

ఎంతసేపటికో వెండెల్ గొంతు వినబడింది.

"ఎక్కడుంది?"

"మీ తలకి పైన. తెల్లబూట్లు."

ఆర్డిత్ చంకలోంచి కిందకి చూసింది. ఆ పెద్ద గడ్డపుమనిషి భుజం మీద చెయ్యేసుకుని తన మొగుడు నిలబడి ఉన్నాడు. ముఖం తనవైపు లేదు. పక్కనున్న మట్టిగోడని చూస్తున్నట్టు పెట్టాడు. అంటే తననే చూస్తున్నాడన్నమాట.

"ఆర్డీ, నువ్వు బల్బు మార్చడానికి కూడా నన్నే పిలుస్తావు కదే. ఎవరెక్కమన్నారు నిన్ను?"

"నువ్వే. రేడియో పెట్టుకుని."

"సరే. వస్తున్నా."

"వద్దు. నీకు కనబడదు, పడతావు."

"నాకు కనబడదు. అందుకే నాకే ఇబ్బందీ లేదు. నీకు కనబడుతోంది, అదీ నీ ఇబ్బంది. కళ్ళు మూసుకో."

దుంగలు తడుముకుంటూ ఎక్కాడు. వెనకాల గ్రేడీ, ఎత్తు సంగతి మర్చిపోయి, అతని నడుం పట్టుకుని ఎక్కాడు. వెండెల్ చెయ్యి ఆమె చీలమండని పట్టుకుంది. ఆ చేతిని ఆర్డిత్ ఎక్కడైనా గుర్తుపడుతుంది, స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి.

"లారీని వెనక్కి నడిపి సరుకు దించే అరుగుకి ఆనించేటప్పుడు వెనక ఒకడు నిలబడి చెప్తాడు, తెలుసుగా. డ్రైవరుకి వెనక ఏమీ కనబడదు. వాడి మాట నమ్మాలి, అంతే. నువ్వు బండివి. నేను వెనక వాణ్ణి."

"నన్ను లారీ అంటావా?"

"ఖాళీ లారీ. ఎడం కాలు వదులు. రానీ... రానీ... ఇంకొంచెం రానీ. ఆపు. ఇప్పుడు బరువు వెయ్యి. కుడి కాలు. రానీ... నెమ్మది, తొందరేం లేదు, లోడు పాలు కాదు విరిగిపోవడానికి. రానీ. ఆపు."

ఒక్కొక్క దుంగా అలాగే. పాదం వదిలితే గాలిలో ఒక క్షణం ఏమీ ఉండేది కాదు. అంతలో ఆ చెయ్యి పాదాన్ని తీసుకెళ్ళి కింద దుంగ మీద పెట్టేది. ఆర్డిత్ కళ్ళు మూసుకునే ఉంది. మధ్యలో ఒకసారి ఏడుపొచ్చింది, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేల తగిలినా ఆమె ఇంకో దుంగ కోసం కాలితో వెతుకుతూనే ఉంది.

"వచ్చేశావు. ఇంకా కిందికెళ్తే తవ్వాలి" అన్నాడు వెండెల్.

చుట్టూ నిలబడ్డ నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆర్డిత్ సిగ్గుపడి టోపీ సర్దుకుంది. దూరంగా గోడ నీడలో ఒక బండరాయి ఉంటే ఇద్దరూ వెళ్ళి దాని మీద కూర్చున్నారు. ఆమె నీళ్ళు తాగి సీసా అతనికిచ్చింది. 

"ఏముంది పైన?" అని వెండెల్, వెనకే దిగి వచ్చిన ట్వైలాని అడిగాడు.

"పైనా? లోయ కనబడుతుంది. బాగుంటుంది." ట్వైలా వెనక్కి తిరిగి నిచ్చెనకేసి చూసింది. "నిజం చెప్పాలంటే, కార్లు ఆపేచోట కనబడేదీ అదే."

ఆర్డిత్‌కి నవ్వు వచ్చింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ట్వైలా, గ్రేడీ ముందు నడుస్తామని వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆగి వెండెల్ అన్నాడు.

"నేను కారు దిగనిది నీ మీద కోపంతో కాదు."

"తెలుసు."

"తెలీదు. పొద్దున ఆ కమ్మీ దగ్గర అందరూ ఆహా ఓహో అంటున్నారు. నేను చూస్తే నడిమధ్యలో బూడిద. ఇన్నేళ్ళూ ఆ బోర్డు పక్కనుంచే పోయాను ఆర్డీ. లారీ ఈ దారికి తిరగదు, లోడేమో టైముకి చేరాలి. ఎప్పుడో ఒకప్పుడు దిగి చూస్తాలే అనుకునేవాణ్ణి. సరే, అది పోనీ. నువ్వు లోయని వదిలేసి నా మొహం చూస్తున్నావు. నేను సంతోషపడ్డానా లేదా అని. పొద్దున వాఫిల్ దగ్గర చూసినట్టే."

"నేనేం చూళ్ళేదు."

"చూశావు. కంటి కొసకి ఏ జబ్బూ లేదు నాకు."

ఆర్డిత్ కాసేపు బూటులోంచి ఇసక దులుపుకుంది. రెండో బూటు కూడా విప్పి దులుపుకుంది.

"ఒక మాట చెప్తా, వింటావా? ఈ ప్రయాణం నీ కోసం కాదు."

అతను చేతిలో నీళ్ళసీసా అటూ ఇటూ తిప్పాడు.

"అందరూ నీ కోసమే అన్నారు. నేనూ ఊరుకున్నా. పాస్టరు అంతమందిలో అన్నప్పుడు నేల చీలితే బావుణ్ణనిపించింది, అయినా నోరెత్తలేదు. నీ కళ్ళు బాగున్నా నేను వచ్చేదాన్ని. నువ్వు రానంటే ఒక్కదాన్నే వచ్చేదాన్నేమో. నాకు చూడాలనుంది వెండెల్. చిన్నప్పట్నించీ ఉంది. నాకోసమంటే రెనీ ఊరుకునేదా? ఈ వయసులో అమ్మకిదేం పిచ్చి అనేది. నీ కళ్ళు చెబితే, గోలపెట్టినా చివరికి ఎవరూ కాదనలేకపోయారు."

చెప్పేసి, అతను ఏమంటాడోనని భుజాలు ముడుచుకుని కూర్చుంది. వెండెల్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది. నవ్వుతున్నాడు.

"నాకు తెలీదనుకున్నావా? గుడ్డివాడి కోసం బయల్దేరిన మనిషి తనకి మూడు జతల బూట్లు పెట్టుకుంటుందా? పైగా ఒక బైనాక్యులర్ కూడా పెట్టావు."

"అది నీకే."

"నాకు. బైనాక్యులర్."

ఆ మాటకి ఇద్దరూ కలిసి నవ్వారు. దారిన పోతున్న పిల్లలు ఆగి చూశారు.

"తెలిస్తే ముందే అనొచ్చుగా" అంది ఆమె నవ్వు ఆగాక.

"నువ్వు చెప్తావేమోనని చూశా. చెప్పకపోయేసరికి బరువుగా ఉండింది. నాకోసమని ఇంత దూరం నడుపుకుంటూ వచ్చింది, ప్రతిచోటా దిగాలి, దిగి సంతోషపడాలి. మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టుంది." అతను నీళ్ళసీసా మూత బిగించాడు. "నువ్వు చూడు. నేను పక్కన ఉంటా. నాకేదైనా ఆనితే నేనే చెప్తా. ఎలా ఉంది ఎలా ఉంది అని అడక్కు."

"అడగను."

కాసేపయ్యాక అతను తల మెల్లగా కుడివైపుకి తిప్పి, అలాగే ఉంచి, ఎడంపక్క గోడని వేలితో చూపించాడు. "అక్కడ ఎర్రచార అడ్డంగా పోతోందా?"

"పోతోంది."

"దాని కింద ఇంకొకటి?"

"చాలా ఉన్నాయి."

"నాకు రెండే దొరికాయి" అన్నాడు. ఆమె అతని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

మధ్యాహ్నం దగ్గర్లోని చిన్న ఊళ్ళో నలుగురూ కలిసి భోంచేశారు. లకోటా అనే ఆదివాసీ తెగ కుటుంబం నడుపుకునే హోటలు అది. నూనెలో వేయించిన పెద్ద రొట్టె మీద చిక్కుళ్ళూ బైసన్ అనే అడవిదున్న మాంసమూ వేసి పెట్టారు. ఆర్డిత్ పిండి ఎలా కలిపారోనని రొట్టె అంచు తుంచి చూసింది. వంటింటి గుమ్మం దగ్గరకెళ్ళి అడిగింది కూడా. వంట చేసే ఆవిడ నవ్వి, "చెప్తే మీరు ఒహాయోలో హోటలు పెట్టేస్తారు" అంది. కానీ పాలపొడి వేస్తామని చెప్పింది.

కార్ల దగ్గర ఏం జరిగిందో గ్రేడీ అక్కడ లేచి నిలబడి అభినయించి చూపించాడు. కిటికీ తట్టగానే వెండెల్‌కి కంటి కొసన గడ్డమూ తోలు చొక్కా మాత్రం ఆనాయట. వెంటనే అద్దం పైకెత్తేసి, "మాకేం అక్కర్లేదు" అన్నాడట.

"మీ ఆవిడ నిచ్చెన మీద ఇరుక్కుపోయిందన్నాను. 'అయితే ఆమె మా ఆవిడ కాదు, ఇంకో కారు చూడు' అన్నాడు. తెల్లబూట్లన్నాను. వినలేదు. 'పిండి పొయ్యక్కర్లేదని మీతో అన్నదట' అన్నాను. అప్పుడు దిగాడు."

"ఆ మాట నేను మీతో చెప్పలేదే" అంది ఆర్డిత్.

"చెప్పారు మేడం. నిచ్చెన మీద ఏడుస్తూ. మా ఆయన్ని నానా మాటలన్నానని."

ఆర్డిత్ ముఖం ఎర్రబడింది. వెండెల్ రొట్టె నములుతూ ఏమీ విననట్టు కూర్చున్నాడు.

"ఇదిగో ఈయన్ని చూడండి" అని ట్వైలా మొగుడి మోచేతి మీది పుర్రె మీద తట్టింది. "పాతికేళ్ళుగా దీన్ని వేసుకుని తిరుగుతున్నాడు. స్నానాలగదిలో సాలీడు కనబడితే నన్ను పిలుస్తాడు. ఇవాళ నిచ్చెన ఎందుకు ఎక్కలేదో నాకు తెలీదనుకుంటున్నాడు."

"ఎక్కాను. సగం దాకా. రెండుసార్లు" అన్నాడు గ్రేడీ. "రెండు సగాలు కలిపితే ఒకటి."

భోజనాలయ్యాక వాళ్ళు మోటార్‌సైకిళ్ళెక్కి దక్షిణానికి పోయారు. ఆర్డిత్ మ్యాపు చూసి, కొండ అంచునే పోయే కంకరదారి ఎన్నుకుంది. కంకర మీద ఇంతవరకూ ఆమె నడపలేదు. వెండెల్ తప్పులు పడతాడని కాచుకుంది. అతను కిటికీ దించి, కాసేపు టైర్ల కింద రాళ్ళ చప్పుడు విన్నాడు.

"బ్రేకు ఒక్కసారి తొక్కెయ్యకు" అన్నాడు. అంతే. వేగమెంతని అడగలేదు.

ఒక మలుపు దగ్గర ఆమె బ్రేకు మెల్లగా తొక్కి ఆపేసింది. దారికడ్డంగా బైసన్ దున్నల మంద. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని నిలబడి ఉన్నాయి. ఒక ఎర్రటి దూడ రోడ్డు మధ్య పడుకుంది.

"ఇంజను కట్టెయ్" అన్నాడు వెండెల్.

కట్టేసింది. పెద్ద దున్న ఒకటి కారు పక్కకే వచ్చింది. దాని మూపు కిటికీ కన్నా ఎత్తుగా ఉంది. ఆర్డిత్ తన వైపు అద్దం మూసేసింది. వెండెల్ వైపు మూయబోతే చెయ్యడ్డం పెట్టాడు. దున్న ఊపిరి బుస్సుమని వినబడింది. దుమ్మూ, నలిగిన గడ్డీ, పశువుల పాకా కలిసిన వాసన కారు నిండా నిండింది. వెండెల్ ముఖం ముందుకే ఉంది, కన్ను మాత్రం పక్కనున్న ఆ జంతువుని చూస్తోంది. ఇంత దగ్గరగా, ఇంత పెద్దదిగా, కంటి కొసలోకి తనంతట తానే వచ్చి నిలబడిన వస్తువు అతనికి ఈమధ్య ఇంకోటి లేదు. ఎలా ఉందని ఆర్డిత్ అడగలేదు. తన వైపునున్న దూడనే చూస్తూ కూర్చుంది. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, తల్లి కిందికి వెళ్ళింది.

మంద కదిలిపోయాక కూడా ఆమె ఇంజను వెయ్యలేదు. గడ్డిలోంచి కీచుకీచుమని కూతలు మొదలయ్యాయి. ఒకటి ఇటు కూస్తే ఇంకొకటి అటు కూస్తోంది.

"ఏమిటవి?"

"ప్రెయిరీ కుక్కలు. బొరియల మీద నిటారుగా నిలబడి కూస్తున్నాయి. మనల్ని చూసే అనుకుంటా. కూసినప్పుడల్లా ఒళ్ళంతా ఎగురుతోంది వాటికి."

"పేరు కుక్కలని గానీ ఉడతలే కదా అవి. ఇవి కూస్తాయా?" వెండెల్ తలుపు తెరుచుకుని దిగాడు. కారు ముందుభాగం తడుముకుంటూ వెళ్ళి బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. "ఈ రాష్ట్రం గుండా ఎన్నిసార్లు పోయానో లెక్కే లేదు. ఎప్పుడూ ఇంజను మోతే."

ఆమె కూడా దిగింది. బైనాక్యులర్ మెడలో వేసుకుంది. ఎండ పసుపుపచ్చగా మారి గడ్డి మీదికి వాలుతోంది. అతను కూతలు వింటూ, ఏది ఏ వైపునుంచి వస్తోందో వేలితో చూపిస్తుంటే, ఆమె ఆ వైపుకి తిప్పి చూసుకుంటోంది. చాలావరకు అతను చూపించినచోటే దొరికాయి.

మర్నాడు పక్క రాష్ట్రం వయోమింగ్‌లోకి దాటారు. అక్కడినుంచి సముద్రం దాకా వెండెల్ కొన్నిచోట్ల దిగాడు, కొన్నిచోట్ల దిగలేదు. దిగనిచోట ఆర్డిత్ ఒక్కతే వెళ్ళి, తీరిగ్గా, తనకి తనివితీరేదాకా చూసుకుని వచ్చేది.